బీరువా మీద దొరికిన 11 వీడియో క్యాసెట్లు: ఏది ముందు, ఎలా, ఎక్కడ జాగ్రత్త

మీ ప్రశ్న ఇదీ. బీరువా పైన అట్టపెట్టెలో 11 క్యాసెట్లు దొరికాయి. 9 పెద్దవి, 2 చిన్నవి. 1993లో మీ అక్క పెళ్లి, తాతగారి షష్టిపూర్తి, గృహప్రవేశం, అమెరికా నుంచి మీ మేనమామ పంపిన క్యాసెట్ ఒకటి. ఇంకొకదాని లోపల తెల్లగా పొడిలా కనిపిస్తోంది. ఇంట్లో వీసీఆర్ లేదు. టౌన్‌లో ఒకాయన అన్నీ పెన్ డ్రైవ్‌లో వేసిస్తానన్నాడు, ఇవ్వొచ్చా, ఇంట్లోనే చేసుకోవచ్చా అన్నారు. పెళ్లి క్యాసెట్‌ని ఎప్పుడో సీడీలు చేయించాం కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చా అని కూడా అడిగారు.

నేను 90లలో కాకినాడలో పెళ్లి వీడియోల మిక్సింగ్ ల్యాబ్‌లో పనిచేశాను, ఆ తర్వాత చాలా ఏళ్లుగా పాత క్యాసెట్లు మార్చడమే నా పని. చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే జనం ఎక్కువగా నష్టపోయేది అక్కడే.

సీడీ ఉంది కదా అని క్యాసెట్ పారేయకండి. 2000 తర్వాత ల్యాబుల్లో చేసిచ్చిన సీడీలు దాదాపు అన్నీ వీసీడీలు, అంటే వీడియో సీడీలు. వీసీడీలో బొమ్మ సైజు 352 బై 288. అదే క్యాసెట్‌ని ఇప్పుడు సరిగ్గా క్యాప్చర్ చేస్తే, అంటే ఆడిస్తూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, 720 బై 576 వస్తుంది, అంటే సీడీలో ఉన్నది దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. పైగా వీసీడీలో సెకనుకు ఇంతే డేటా అని గట్టి పరిమితి ఉంటుంది, అందుకే తలంబ్రాలు పోసేటప్పుడు బొమ్మంతా గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఆ బియ్యం గింజలు క్యాసెట్‌లో విడివిడిగానే పడుతుంటాయి, సీడీలోకి వచ్చేసరికి పసుపు ముద్ద అయ్యాయి. ఇంకో సంగతి, ఒక సీడీలో పట్టేది 74, మహా అయితే 80 నిమిషాలే. 3 గంటల క్యాసెట్‌ని 2 సీడీల్లో ఇచ్చారంటే మధ్యలో ఏదో తీసేశారన్నమాట. అయితే సీడీలు కూడా పారేయొద్దు, కంప్యూటర్‌లో పెట్టి ఎమ్‌పెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్‌లో ఉన్న డాట్ (.DAT) ఫైళ్లు కాపీ చేసుకుని దాచండి, వీఎల్‌సీ ప్లేయర్‌లో అవి నేరుగా ఆడతాయి. క్యాసెట్‌లో ఎక్కడైనా టేపు పాడైపోయి ఉంటే ఆ రెండు నిమిషాలకి సీడీయే దిక్కు.

ఆ తీసేసిన భాగం ఏమిటో చెప్తాను, ఎందుకంటే మేమే తీసేసేవాళ్లం. బంతి భోజనాలు. అప్పట్లో కెమెరామన్ భుజం మీద కెమెరా, పక్కన ఒక కుర్రాడు పెద్ద లైటు పట్టుకుని బంతి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్లు. లైటు మీద పడగానే ఒక్కొక్కరు తలెత్తి చూసి, కొందరు నవ్వి, కొందరు సిగ్గుపడి మళ్లీ విస్తరాకు మీదకు వంగిపోయేవాళ్లు. ఒక్కొక్కరికి రెండు సెకన్లు. ఇంటివాళ్లు చూసేటప్పుడు కూడా అది ఫార్వర్డ్ కొట్టేవాళ్లు కాబట్టి సీడీ చేసేటప్పుడు ముందు దానికే కత్తెర పడేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లు వెతికేది సరిగ్గా దానికోసమే. ఫోటో కూడా లేకుండా పోయిన పెద్దమ్మ, పాలేరు, ఎదురింటి మాస్టారు, వాళ్లందరి ముఖాలూ ఆ బంతిలోనే ఉంటాయి. అందుకని మీరు చేసినా, ఎవరితో చేయించినా పెట్టాల్సిన మొదటి షరతు, క్యాసెట్ మొదటి నుంచి చివరిదాకా, చివర్లో నీలం తెర వచ్చేదాకా, ఒక్క ముక్క కూడా కోయకుండా ఎక్కించాలి. ఖాళీ అనుకున్న చోట కూడా ఆపొద్దు. ముందు రికార్డింగ్ మీద ఇంకోటి తీసిన క్యాసెట్లలో చివర పాతది మిగిలిపోయి ఉండడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు క్యాసెట్లు చూద్దాం. పెద్దవి వీహెచ్ఎస్. ఒక్కోదానిలో అర అంగుళం వెడల్పు టేపు ఉంటుంది, 3 గంటల క్యాసెట్ అయితే సుమారు 250 మీటర్లు. ముందుగా అన్నింటికీ వెన్ను వైపు, లేబుల్ అంటించే చోట, ఎడమ మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉందేమో చూడండి. ఉంటే స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. అది లేకపోతే ఏ వీసీఆర్ కూడా దాని మీద రికార్డ్ చేయలేదు. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కి పెళ్లి మీద 10 సెకన్ల నలుపు పడిన క్యాసెట్లు వస్తుంటాయి, దాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు.

చిన్నవి 2 ఏమిటో ఫోటో లేకుండా చెప్పలేను కానీ వాటి మీద ఏం రాసుందో చూడండి. వీహెచ్ఎస్-సి అని ఉంటే అదృష్టం, లోపల టేపు పెద్ద క్యాసెట్‌లో ఉన్నదే, దానికి పెద్ద క్యాసెట్ ఆకారంలో ఒక అడాప్టర్ దొరుకుతుంది. 8 అని గానీ హాయ్8 అని గానీ ఉంటే టేపు 8 మిల్లీమీటర్లే, ఏ అడాప్టర్‌తోనూ వీసీఆర్‌లో ఆడదు. అడాప్టర్ ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి, అలాంటిది లేదు. దానికి అదే రకం కెమెరా కావాలి. సోనీ డిజిటల్8 కెమెరాల్లో కొన్ని మోడళ్లు పాత 8 ఎమ్ఎమ్ టేపుల్ని కూడా ఆడించి, కెమెరాని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ అనే తీగ మీద డిజిటల్‌గానే ఇస్తాయి, దొరికితే అంతకంటే సులువైన దారి లేదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, మినీ డీవీ అని ఉంటే అందులో ఉన్నది ముందే డిజిటల్. దాన్ని పసుపు-ఎరుపు-తెలుపు పిన్నుల మీదుగా తీయించొద్దు, షాపులవాళ్లు సులువని అలాగే చేస్తారు. ఫైర్‌వైర్ మీదుగా తీస్తే టేపులో ఉన్న డేటా ఉన్నదున్నట్టు ఫైల్‌గా వస్తుంది, గంటకు 13 జీబీ.

మేనమామగారి క్యాసెట్ సంగతి వేరు. అమెరికా టీవీ పద్ధతి పేరు ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. చూడడానికి క్యాసెట్ ఒకటే, లోపల లైన్లూ వేగమూ వేరు. మామూలు ఇండియా వీసీఆర్‌లో వేస్తే బొమ్మ నలుపు తెలుపులో రావచ్చు, పైకీ కిందికీ దొర్లవచ్చు. అది పాడైపోయిందని అనుకోకండి. రెండు పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి, క్యాప్చర్ చేసే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ క్యాసెట్ వరకు ఎన్‌టీఎస్‌సీకి మార్చాలి. అప్పట్లో గల్ఫ్ నుంచి తెచ్చిన వీసీఆర్లలో చాలావరకు మల్టీ సిస్టమే, బంధువుల్లో అడిగి చూడండి.

వీసీఆర్ ఎక్కడ దొరుకుతుంది అంటే, కొత్తది దొరకదు. ప్రపంచంలో చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. పాతవే దిక్కు. పాతది కొనేటప్పుడు చూడాల్సింది పైన మెరుపు కాదు, లోపల రబ్బరు. టేపుని లాగే రబ్బరు రోలర్ గట్టిపడి మెరుస్తోంటే అది టేపు నమిలేస్తుంది. అందుకే ఇంటికి తెచ్చిన వెంటనే అక్క పెళ్లి పెట్టకండి. పనికిరాని సినిమా క్యాసెట్ ఒకటి సంపాదించి ముందు అది గంటసేపు ఆడించి, ముందుకీ వెనక్కీ చుట్టి, బయటకు తీసి అంచులు మడత పడ్డాయేమో చూసి అప్పుడు మీ క్యాసెట్లలో అన్నింటికంటే తక్కువ విలువైనది పెట్టండి. పెళ్లి చివర.

బొమ్మలో చుక్కలు చుక్కలుగా వచ్చి మసకబారితే టేపు పోయిందని కంగారు పడొద్దు, పదిలో ఎనిమిది సార్లు అది టేపుని చదివే హెడ్ మీద మురికే. లోపల మెరిసే గుండ్రటి డ్రమ్ ఉంటుంది, అది సెకనుకు 25 సార్లు తిరుగుతుంది, దాని అంచున ఉండే హెడ్‌లు గుండుసూది తల కంటే చిన్నవి. వీసీఆర్ ప్లగ్ తీసేసి, పోగులు రాని మెత్తటి బట్టని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్‌కి ఆనించి కదపకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్‌ని పైనుంచి నెమ్మదిగా తిప్పాలి. బట్టని పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది, అంతటితో ఆ వీసీఆర్ పని అయిపోతుంది. దూదిపుల్ల వాడొద్దు, పోగులు ఇరుక్కుంటాయి. ఆరాక పావుగంట ఆగి అప్పుడు వేయండి. తర్వాత ప్రతి క్యాసెట్‌కీ ట్రాకింగ్, అంటే టేపు మీది గీతలకి హెడ్ సరిగ్గా కుదిరేలా చేసే బటన్, చేత్తో సరిచేసుకోండి, ఒక క్యాసెట్‌కి కుదిరింది ఇంకోదానికి కుదరదు, ఎందుకంటే అవి వేరే వేరే కెమెరాల మీద తీసినవి. బొమ్మ అడుగున సన్నగా వణికే గీత మాత్రం దేనికైనా ఉంటుంది, పాత టీవీలు ఆ అంచుని చూపించేవి కావు కాబట్టి మనకి తెలియదు. దాని గురించి టెన్షన్ పడకండి.

వీసీఆర్ నుంచి కంప్యూటర్‌కి మధ్యలో క్యాప్చర్ పరికరం కావాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చిన్న యూఎస్‌బీ ముక్కలు ఒకే పేరుతో పది రకాలున్నాయి, కొన్ని బాగా పనిచేస్తాయి, కొన్నింటితో రంగు పాలిపోతుంది, ఏది వస్తుందో కొన్నాక గానీ తెలియదు. ఉన్నంతలో ఎస్-వీడియో సాకెట్ (రంగునీ వెలుగునీ విడివిడిగా పంపేది) ఉన్న వీసీఆర్ దొరికితే ఆ తీగే వాడండి, లేకపోతే పసుపు పిన్ను చాలు. యాంటెన్నా తీగ మీదుగా మాత్రం వద్దు.

అసలు కష్టం రంగు కాదు, శబ్దం జారిపోవడం. పాత టేపు నుంచి వచ్చే సిగ్నల్ నిలకడగా ఉండదు, బొమ్మ పైభాగం ఒక పక్కకి వంగి జెండాలా ఊగుతుంటుంది చూడండి, అదే. చవక పరికరం అలాంటి చోట ఫ్రేములు వదిలేస్తుంది. ఒకటీ రెండూ అయితే తెలియదు, 3 గంటలయ్యేసరికి మాట ఒకచోట, పెదవి ఒకచోట. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, అంటే ఊగే సిగ్నల్‌ని నిలబెట్టే పరికరం. విడిగా కొనాలంటే చాలా ఖరీదు, కొన్ని మంచి ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్లలో లోపలే ఉంటుంది. అది లేనివాళ్లకి నేను చెప్పే దారి, పానాసోనిక్ డీఎమ్ఆర్-ఈఎస్10 లేదా ఈఎస్15 లాంటి పాత డీవీడీ రికార్డర్‌ని మధ్యలో పెట్టడం. దాంట్లో డిస్క్ కూడా వేయక్కర్లేదు. వీసీఆర్ నుంచి దానిలోకి, దాన్నుంచి క్యాప్చర్ పరికరానికి. ఆ ఊగుడు చాలావరకు నిలబడిపోతుంది.

సరిపోయిందా లేదా చూడడానికి మాటలు వెతుక్కోకండి, మంత్రాల్లో పెదవి కదలిక తెలియదు. క్యాసెట్ చివరి పావుగంటలో మేళం ఉన్న చోటు పట్టుకోండి. డోలు మీద పుల్ల పడినప్పుడే శబ్దం వస్తోందా? వస్తే ఆ 3 గంటలూ సరిగ్గా ఎక్కినట్టే. కొద్దిగా ఆలస్యంగా వస్తే మళ్లీ ఎక్కించాలి, వేరే దారి వెతక్కండి.

ఏ ఫార్మాట్ అంటే, మాస్టర్‌కి, అంటే దాచుకునే అసలు ఫైల్‌కి, నేను హఫ్‌వైయూవీ లాంటి కోడెక్ (బొమ్మ నాణ్యత పోకుండా ఫైల్‌ని కుదించే పద్ధతి) వాడతాను, వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో. గంటకి సుమారు 30 నుంచి 40 జీబీ అవుతుంది. 9 క్యాసెట్లకి ఒక 2 టీబీ డిస్క్ సరిపోతుంది, ఈ రోజుల్లో అది పెద్ద ఖర్చు కాదు. చూసుకోవడానికీ పంచడానికీ దాన్నుంచి హెచ్.264 ఎమ్‌పీ4 చేసుకోండి, గంటకి 3 జీబీ చాలు. పాల్ బొమ్మ సెకనుకు 50 సగం బొమ్మలుగా వస్తుంది కాబట్టి చెయ్యి కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. మాస్టర్‌లో వాటిని ముట్టుకోకండి, ఎమ్‌పీ4 చేసేటప్పుడు డీ-ఇంటర్లేస్ చేసి, అంటే ఒక్కో సగం బొమ్మని పూర్తి బొమ్మగా మార్చి, సెకనుకు 50 ఫ్రేములుగానే ఉంచండి, అప్పుడు కదలిక టీవీలో చూసినట్టే నున్నగా ఉంటుంది. 4:3 బొమ్మని కొత్త టీవీ నిండేలా సాగదీయొద్దు, పెళ్లికూతురు లావైపోతుంది. ఏఐతో హెచ్‌డీ చేస్తామని కొందరు అంటున్నారు. ఎంత ముద్దొచ్చినా మాస్టర్ మీద చేయించకండి. మసకగా ఉన్న ముఖానికి అది తనకి తోచిన కళ్లూ ముక్కూ పెడుతుంది. మీ నాయనమ్మ ముఖం మీ నాయనమ్మదిగానే, మసకగానే ఉండనివ్వండి.

శబ్దం గురించి ఇంకొక్క మాట, ఇది చాలామందికి తెలియదు. పెళ్లి క్యాసెట్లలో సినిమా పాటలే వినిపిస్తాయి, మనుషుల గొంతులు ఉండవు. మేమే అలా పాట వేసేవాళ్లం, అప్పటి పద్ధతి అది. కానీ కొన్ని వీహెచ్ఎస్ క్యాసెట్ల మీద శబ్దం రెండు చోట్ల ఉంటుంది. టేపు అంచున ఒక మామూలు ట్రాక్, బొమ్మతో పాటు తిరిగే హెడ్‌లు రాసిన హై-ఫై ట్రాక్ ఇంకొకటి. క్యాసెట్ మీద తర్వాత పాట మాత్రమే ఎక్కిస్తే అది అంచు ట్రాక్ మీదే పడుతుంది, హై-ఫై ట్రాక్‌ని బొమ్మ చెరపకుండా మార్చలేం. అంటే హై-ఫై కెమెరాతో తీసి, అదే క్యాసెట్ మీద పాటలు వేసి ఇచ్చి ఉంటే అసలు శబ్దం అడుగున అలాగే ఉండిపోతుంది. వేరే క్యాసెట్‌లోకి కాపీ చేస్తూ పాట వేస్తే ఉండదు, ఎక్కువ వాటికి ఉండదు కూడా. కానీ హై-ఫై వీసీఆర్‌లో ఆడియో బటన్ నొక్కి రెండూ ఒకసారి వినడానికి పట్టేది ఒక్క నిమిషం.

నాలుగేళ్ల కింద తుని నుంచి ఒకావిడ వాళ్ల గృహప్రవేశం క్యాసెట్ తెచ్చారు. మొత్తం పాటలే. పాలు పొంగించే చోట ఉత్తినే ఆ బటన్ నొక్కాను. పాట ఆగిపోయి గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు, వాటి మధ్య కెమెరా వెనకాల ఎవరో మగాయన గొంతు, "ఒరే లైటబ్బాయి కాఫీ తాగాడా, అడగండి" అని. ఆవిడ స్టూల్ మీద నుంచి లేచి నిలబడిపోయారు. వాళ్ల నాన్నగారట. ఆయన పోయి పంతొమ్మిదేళ్లు, ఇంట్లో ఆయన గొంతు ఎక్కడా లేదు. ఆ నాలుగు సెకన్లు ఆ రోజు ఎన్నిసార్లు వేశానో. అప్పటి నుంచి హై-ఫై ట్రాక్ ఉన్న ఏ క్యాసెట్‌కైనా రెండు ట్రాకులూ విడివిడిగా ఎక్కిస్తున్నాను, అడిగినా అడక్కపోయినా.

ఇప్పుడు షాపాయన సంగతి. ఇవ్వొచ్చు, కానీ ముందు అడగండి. వీసీఆర్‌లో ఆడించి తీస్తాడా, టీవీ ముందు ఫోన్ పెట్టి తీస్తాడా? నవ్వకండి, అలా చేసేవాళ్లున్నారు. ఫైల్ సైజు గంటకి ఎంత వస్తుంది? 500 ఎమ్‌బీ అంటే వద్దు. కోయకుండా ఇస్తాడా, మీద వాళ్ల షాపు పేరు వేయకుండా ఇస్తాడా? తీసేటప్పుడు మీరు పక్కన కూర్చోవచ్చా? ముందు ఒక్క క్యాసెట్ ఇచ్చి చూసి, డోలు పరీక్ష చేసి, బాగుంటే మిగతావి. 11 కలిపి ఒకేసారి వదిలి రావొద్దు. మీరు రాసినదాన్ని బట్టి కంప్యూటర్ అలవాటున్నవారే అనిపిస్తోంది, వీసీఆర్ దొరికితే ఇంట్లోనే చేసుకోండి, నెల రోజుల ఆదివారాల పని. 3 గంటల టేపు 3 గంటలూ ఆడాల్సిందే, తొందరపెట్టే మార్గం లేదు.

ఆ 3 గంటలూ ఊరికే పోనివ్వకండి. మీ అమ్మగారిని, అత్తల్ని తెర ముందు కూర్చోబెట్టి, పక్కన ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టండి. ఎవరు ఏమిటో వాళ్లే చెప్తుంటారు, "ఈ పచ్చచీర ఆవిడ మన సామర్లకోట పిన్ని తోడికోడలు" అని. ఆ ఆడియో ఫైల్‌కి వీడియో పేరే పెట్టి అదే ఫోల్డర్‌లో ఉంచండి. ఇంకో పదేళ్లకి వీడియో ఉంటుంది, ఆ పచ్చచీర ఎవరో చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు.

ఫైళ్లు 2 హార్డ్ డిస్కుల్లో, ఆ రెండూ వేరే వేరే ఇళ్లలో. ఎమ్‌పీ4లు క్లౌడ్‌లో కూడా ఒక కాపీ. యూట్యూబ్‌లో పెట్టి అదే భద్రం అనుకోవద్దు, సినిమా పాటలున్నాయి కాబట్టి కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తారు. వాట్సాప్‌లో బంధువులకి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోగా పంపితే నలిపేస్తుంది. అంతా అయ్యాక కూడా క్యాసెట్లు ఉంచండి. పూర్తిగా ఒక వైపుకి చుట్టి, పుస్తకాల్లా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో, స్పీకర్లకి దూరంగా. అటక మీద వద్దు, వేసవిలో అక్కడ టేపు ఉడికిపోతుంది.

తెల్ల పొడి ఉన్నది చివరికి ఉంచాను. అది ఫంగస్. సముద్రం గాలి తగిలే ఊళ్లలో మూడో వంతు క్యాసెట్లకి ఏదో ఒక స్థాయిలో చూస్తుంటాను. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి మచ్చలు, సాలెగూడు పోగుల్లా కనిపిస్తాయి. దాన్ని ఏ వీసీఆర్‌లోనూ పెట్టొద్దు. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే టేపు తెగుతుంది, తెగకపోయినా ఆ బూజు హెడ్ మీదకీ, అక్కడి నుంచి తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. తడిబట్ట, స్పిరిట్, హెయిర్ డ్రయ్యర్ ఏవీ వద్దు. ఆ బూజు పీల్చకుండా ముక్కుకి మాస్క్ కట్టుకుని, కొత్త సిలికా జెల్ పొట్లాలతో కలిపి గట్టిగా మూసుకునే డబ్బాలో రెండు వారాలు ఉంచితే ఎండి నిద్రపోతుంది, అప్పుడు ఫంగస్ పనికి విడిగా మిషన్ పెట్టుకున్నవాళ్ల చేత పొడి బట్ట మీదుగా నెమ్మదిగా చుట్టించి శుభ్రం చేయించాలి. పెంకు వెనక 5 స్క్రూలే, విప్పడం కష్టం కాదు, కానీ మొదటి ప్రయత్నం ఈ క్యాసెట్ మీద చేయకండి. టేపు తెగి ఉన్నా సెల్లోటేపు అంటించొద్దు, దాని జిగురు కారి హెడ్‌కి పడుతుంది, దానికి వేరే స్ప్లైసింగ్ టేపు ఉంటుంది.

అది షష్టిపూర్తి క్యాసెట్టా, ఇంకేదైనా అన్నది మీరు రాయలేదు. ఏదైనా సరే, మిగతా 10 ఉన్న అట్టపెట్టెలోంచి దాన్ని ఈ రాత్రికే బయటకు తీయండి. మిగతావాటి కిటికీల మీద టార్చి వేసి ఒక్కొక్కటీ చూసి, మచ్చ కనిపించిన వాటి ఫోటోలు దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి, ఏది ఎంతవరకు పాకిందో చూసి చెప్తాను.